అద్దం పగులులో కుంకుమ

నాకు జరిగిన అన్యాయాలను జరిగిన వరసలోనే ముందుగా నమోదు చేస్తున్నాను.

ఈ ఏడాది ఉగాది మరునాడు: చిక్కబళ్లాపురంలో నా మిత్రుడి చారిత్రక నవల ఆవిష్కరణ. గాజు పటాల గురించి నేను చెప్పిన సంగతులను అతడు తన సొంత ఆలోచనగా వేదిక మీద చెప్పాడు. నా ప్రస్తావన లేదు.

అదే సభలో, కాసేపటికి: “ఈ పుస్తకానికి ప్రాణం పోసిన ఒక ఇల్లాలికి” అంటూ కృతజ్ఞతలు చెప్పాడు. ముందు వరసలో నా భార్య తల వంచుకుని నవ్వింది. పెళ్లిళ్లకు తప్ప పెట్టెలోంచి తీయని ఆకుపచ్చ పట్టుచీర ఆ రోజు కట్టుకుంది.

వైశాఖంలో ఒక శుక్రవారం: ఆమె ఆ నవలను రెండోసారి మొదలుపెట్టింది. నేను తయారు చేసిన పటాల జాబితాను ఒక్కసారీ తెరవలేదు.

జ్యేష్ఠంలో తొలివాన పడిన రోజు: ఆ జాబితాలో ఒక తప్పు బయటపడింది. అది నా వల్ల జరిగిన తప్పు కాదు.

ఈ చివరి అంశం అర్థం కావాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

నేను తాలూకా కచేరిలో రికార్డుల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మాది చింతామణి. అద్దం మీద వేసిన పాత దేవుళ్ల పటాలను సేకరించడం నా అలవాటు. మా వైపు పగిలిన పటాన్ని ఇంట్లో ఉంచుకోరు. గుడి ప్రహరీకి ఆనించి, దండం పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతారు. నేను వాటిని తెచ్చుకునేవాణ్ణి. మొదటి పటం తెచ్చిన రోజే నా భార్య గడప దగ్గర ఆపేసింది.

“ఊర్లో వాళ్లు పారేసిన దేవుళ్లంతా మన ఇంటికేనా? యాడ పెడతారో పెట్టుకోండి, లోపలికి మాత్రం వద్దు.”

మా నాయన పట్టుపురుగులు పెంచిన కొట్టం ఖాళీగా ఉండేది. పురుగుల తట్టలు పెట్టే అరల మీద పటాలను పేర్చాను. కొలతలు, దొరికిన చోటు, రంగుల స్థితి అన్నీ రాసుకున్నాను. నా భార్య ఆ కొట్టంలో అడుగు పెట్టదనే నమ్మకంతోనే ఇన్నేళ్లూ ఉన్నాను.

బాగేపల్లిలో చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నా మిత్రుడు నవల రాయాలనుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. వచ్చేది నా పటాల కోసమే. ఒకనాడు కొట్టంలో నిలబడి అడిగాడు.

“ఏమప్పా, ఈ బొమ్మలో ముందేమి రాస్తారు?”

“కంటి కాటుక, ముక్కుపుడక. అద్దానికి వెనకనుంచి రాస్తారు కాబట్టి, చూసేవాడికి దగ్గరగా కనపడేది ముందు రాయాల. కొండలు, ఆకాశం ఆఖర్న.”

“తప్పు పోతే?”

“పోతే పోయినట్లే. పైన ఇంకో రంగు పూసి దాచలేరు.”

అతడు నేను చెప్పిన ఆ పద్ధతిలోనే నవల మొత్తం నడిపాడు. మొదటి అధ్యాయం కథానాయిక కంటి కాటుక, ఆఖరి అధ్యాయం తిరుగుబాటు రేగిన కొండ. చారిత్రక నవలను ఇలా ఎవరూ రాయలేదని సభలో అందరూ మెచ్చుకున్నారు.

అతడు వచ్చిన రోజుల్లో మా ఇంట్లో పితికిపప్పు చారు ఉండేది. అనపగింజలను నానబెట్టి, ఒక్కొక్కదాన్ని వేళ్లతో పితికి తొక్క తీయాలి. ఒక పూట పని. నాకైతే తొక్కతోనే వండేది.

“వదినమ్మా, ఇట్లాంటి చారు మా బాగేపల్లిలో యాడా లేదమ్మా,” అనేవాడు.

“ఊరికే అంటాండారు. ఇంకొంచెం పోసుకోండి,” అనేది.

భోజనం తరువాత నేను కాసేపు నడుం వాల్చడం అలవాటు. ఆ సమయంలో వాళ్లిద్దరూ వసారాలో ఏం మాట్లాడుకునేవారో నా దగ్గర ఏ నమోదూ లేదు. రికార్డుల మనిషిగా నన్ను అన్నిటికంటే బాధించే ఖాళీ అదే.

నవలను నేను వెంటనే చదవలేదు. నా భార్య చదువుతుంటే చూసేవాణ్ణి. ఒక్కోచోట ఆగి, కళ్లజోడు తీసి, నవ్వుకుని, పుట మధ్య మరువం రెమ్మ పెట్టి మూసేది. నాతో చెబుతుందేమోనని ఎదురుచూసేవాణ్ణి. చెప్పేది కాదు. తొలివాన రోజున ఆమె పెరట్లో బట్టలు తీస్తుండగా, రెమ్మ ఉన్న పుటే తెరిచి మొదలుపెట్టాను.

కథ కంపెనీ కాలంలోది. తాలూకా మీద అధికారం చేసే ఒక అమీల్దారు గాజు పటాలు సేకరిస్తుంటాడు. పొద్దున లేవగానే భార్యను పలకరించడానికి ముందే పటాలు లెక్కపెట్టుకుంటాడు. పటాలు రాసే ఒక చిత్రకారుడు, తిరగబడిన రైతుల కబుర్లను పటాల వెనక అట్టల్లో దాచి ఊరూరా చేరవేస్తుంటాడు. అమీల్దారు భార్య ప్రతి శుక్రవారం రహస్యంగా పటాల గదికి వెళ్లి, పగిలిన వేణుగోపాలుడి అద్దాన్ని పొడిగుడ్డతో తుడిచి, ఆ పగులు పొడవునా కుంకుమ అద్దుతుంది. గాయం కాస్తా పూలదండలా కనబడుతుంది.

పుస్తకం మూసి కొట్టంలోకి వెళ్లాను. నా దగ్గరా పగిలిన వేణుగోపాలుడు ఉన్నాడు. ఆ పటం గురించి నా జాబితాలో ఇలా ఉంది: “భుజం మీదుగా సన్నని ఎర్రని గీత. వెనకనున్న పాత రంగు పగులులోంచి ముందుకు దిగినట్లుంది. అరుదైనది.” చూడవచ్చిన వాళ్లందరికీ ఆ గీతను ప్రత్యేకంగా చూపించాను. ఇప్పుడు వేలితో రుద్దాను. వేలికి ఎరుపు అంటింది. వాసన చూశాను. మా దేవుడి గూట్లో ఉండే కుంకుమే.

నా భార్య వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నా వేలు చూపించాను.

“ఇది నువ్వేనా?”

“ఇంకెవురు?”

“అతనికి చెప్పినావు. నాకు చెప్పలేదు.”

“ఆయప్ప అడిగినాడు, చెప్పినా. పొద్దంతా ఏమి చేస్తావమ్మా అని అడిగినాడు. మీరు అడిగినారా యాపొద్దన్నా?”

“నా కొట్టంలో జరిగేది నేను అడిగి తెలుసుకోవాల్నా?”

“మీ కొట్టమంట! మామ పురుగులు పెంచినప్పుడు ఆకు కోసి ఏసింది ఎవురు? మీరు కచేరిలో కాగితాలు కట్టలు కడతా ఉంటిరి.”

నేను మాట మార్చాను. నవలలో మరో ఘట్టం ఉంది. రైతులు కచేరికి నిప్పుపెట్టి రికార్డులన్నీ తగలబెట్టిన రోజున, అమీల్దారు భార్య ఆ వేణుగోపాలుడి పటం ఒక్కటే చంకన పెట్టుకుని చిత్రకారుడితో కొండ దాటి వెళ్లిపోతుంది. వెళ్తూ వెనక్కి చూడదు.

“ఆ యమ్మ ఇల్లు విడిచి పోతుంది గదా,” అన్నాను. “అది కూడా నువ్వు చెప్పిందేనా?”

ఆమె చేతులు ఆగాయి. ఒక్క క్షణం నా వైపు చూసింది. తరువాత నవ్వింది. పుస్తకం చదువుతూ నవ్విన నవ్వే.

“రాసింది ఆయప్ప. ఆయప్పనే అడగండి.”

కనుక అడుగుతున్నాను.

మిత్రమా, నీ నవలలోని సంగతులను ఇన్ని నెలలూ నేను వరసగా సరిచూశాను. పటాలు లెక్కపెట్టడం నిజం. పొడిగుడ్డ నిజం. శుక్రవారం నిజం. కుంకుమ నిజం. సరిచూడలేకపోయింది ఒక్కటే మిగిలింది. అమీల్దారు భార్య వెళ్లిపోవడం నీ కల్పనా, లేక మా వసారాలో, నేను నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం, నా భార్య నీతో అన్న మాటా? అన్నదైతే ఏ మాటల్లో అన్నది? అప్పుడు నవ్విందా, నవ్వలేదా?

దీనికి సంతకంతో కూడిన లిఖితపూర్వక సమాధానం కోరుతున్నాను. నోటిమాటగా చెప్పేది, మరొకరి చేత చెప్పించేది చెల్లదు. సమాధానాన్ని తపాలాలో, నా పేరు మీద మాత్రమే పంపవలెను. స్వయంగా తీసుకురావద్దు. చలి మొదలైంది; అనపకాయల కాలం దగ్గర పడుతోంది.