పదికి పది వేసిన నర్సు

గల్ఫ్‌లోని సోహార్‌లో నేను కౌన్సెలర్‌గా చేసే ప్రైవేటు ఆసుపత్రిలో ఒక కాగితం ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మాట్లాడటం అయ్యాక, వచ్చినవాళ్ళు ఆ వారం తమకెలా ఉందో ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసి నా చేతికే ఇవ్వాలి. ఎదురుగా కూర్చున్న మనిషికి "నీ వల్ల నాకేం ఒరగలేదు" అని రాసివ్వమంటే ఎవరిస్తారు? మా ఆసుపత్రిలోనే పనిచేస్తూ నా దగ్గరికొచ్చిన ఈ ఫిలిప్పీన్స్ నర్సు అసలే ఇవ్వదు.

పిల్లల వార్డులో ఒక పసిబిడ్డ ఆమె చేతుల్లోనే పోయింది. అప్పటినుంచి మెషిన్ బీప్‌మంటే చాలు, చేతులు వణికేవి. ఆ వార్డు నుంచి ఓపీకి మారితే చాలు ఆమెకి. దానికి నా ఉత్తరం, దాని మీద మేనేజర్ సంతకం కావాలి. కానీ నా ముందు కూర్చున్న ప్రతిసారీ "ఓకే మేడం, బెటర్ మేడం" అని నవ్వేది. వెళ్ళేముందు పదికి పది వేసేది.

రెండో వారం వాళ్ళ నూడుల్స్ వండి డబ్బాలో తెచ్చింది. క్లయింట్ల దగ్గర ఏమీ తీసుకోకూడదని మాకు రూలు. ఆ ముక్కే చెప్పాను, చదువుకున్న మూర్ఖురాలిని. "సారీ మేడం" అని మూత పెట్టేసుకుంది. మా పెద్దమ్మ తెచ్చింది అలా వద్దంటే జన్మలో నా గడప తొక్కదు. ఆ మాత్రం తట్టలేదు నాకు.

అయినా ఐదో వారం మళ్ళీ తెచ్చింది. రూలు గంగలో కలవనీ అని ఇద్దరికీ పెట్టమన్నాను. సగం తినేసరికి "మేడం" పోయి "ఆతె" వచ్చింది. ఆతె అంటే వాళ్ళ భాషలో అక్క. అప్పుడు చెప్పింది: సరిగ్గా నిద్రపోయి నెల దాటిందట. బీప్ వినపడితే దుప్పట్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటోందట.

"మరి ఆ పదులేంటి తల్లీ?" అన్నాను.

"తక్కువ వేస్తే మీకు మాటొస్తుంది కదా, ఆతె. మీరింత కష్టపడుతుంటే బాగాలేనని ఎలా చెప్పను?"

పరాయి మనిషి ముందు గుండె విప్పడం వాళ్ళకి సిగ్గు. మంచి చేస్తున్న మనిషిని చిన్నబుచ్చడం అంతకన్నా సిగ్గు. మనకి తెలియని సంగతా ఇది? తెలిసుండీ ఐదు వారాలు ఆ పదులు చూసి మురిసిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ రోజే ఉత్తరం రాశాను. నిజం ఎలా బయటికొచ్చిందో, తిన్న సంగతితో సహా రాశాను. మేనేజర్ మన హైదరాబాదాయనే.

"ఏంటి మేడం, అన్నీ పదులే ఉన్నాయి, మీరేమో బాలేదంటారు! పైగా ఆమె వండింది తిన్నారు. తినిపించి లెటర్ రాయించుకుందంటే ఏం చెప్పాలి నేను?"

నూడుల్స్‌కి ఉత్తరాలు అమ్ముకునేదాన్నట నేను!

ఆమెనే పిలిపించి అడగమన్నాను. గది బయట ఆమె భుజం పట్టుకుని, "నా సంగతి వదిలెయ్, ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నాను. తలూపింది.

లోపల ఆయన, "నీకు బాలేదని ఈ మేడమే చెప్పించిందా?" అని ఇంగ్లీషులో అడిగాడు. అదీ అడిగే తీరు!

ఆమె నావైపు చూసింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"లేదు సార్. మేడం చాలా మంచివారు. నేనిప్పుడు బాగానే ఉన్నాను."

"విన్నారుగా" అన్నాడాయన.

"ఆ చేతులు ముందుకు పెట్టమనండి సార్, చూద్దాం!" అని అరిచాను. ఆయన చూడలేదు. ఫైలు మీద 'కోలుకుంది' అని రాసి మూసేశాడు.

బయటికొచ్చాక, వణుకుతున్న ఆ చేతులతోనే నా చెయ్యి పట్టుకుని అడిగింది. "మీకేం కాదు కదా, ఆతె?"

నాకేం కాలేదు. ఆదివారం పొద్దున్నే ఆమె పిల్లల వార్డులో డ్యూటీకి వెళ్ళింది.