ముందు విరిగిందా, ముందు పడిందా

పది రోజుల కింద మా ఇంటి ఓనరమ్మ చనిపోయింది. తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయి, మూడు వారాలు మంచానికే అతుక్కుని, చివరికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పోయింది. ఫోన్ వచ్చినప్పుడు నేను ల్యాబ్‌లో మేక ఎముకను యంత్రానికి బిగిస్తున్నాను. ఏ ఎముక ఎంత బరువుకు విరుగుతుందో చూడడమే నా పని.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె ఇంటి పై వాటాలో ఆరేళ్లుగా ఉంటున్నాను. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పోచంపల్లి దగ్గర ముప్పై ఏళ్లు మగ్గం గుంతలో కూర్చుని నేసిన మనిషి. నా ఉద్యోగం గురించి విని ముక్కున వేలేసుకుంది. "బొక్కలిరగ్గొట్టనీకి జీతమిస్తున్నరా బిడ్డా? మా ఊర్ల తాగినోళ్లు ఉత్తగనే ఇరగ్గొడుతరు."

అయినా నా పని మీద గౌరవమే. ఆదివారం మటన్ వండితే ఎముకలు కడిగి, ఎండబెట్టి, కవర్లో కట్టి పైకి పంపేది. ఉడికిన ఎముక పరీక్షకు పనికిరాదని చెప్పడానికి ఆరేళ్లూ నాకు నోరు రాలేదు.

పోయినేడు నేనే పట్టుబట్టి ఎల్‌బీనగర్ తీసుకెళ్లి స్కాన్ తీయించాను. ఎముకలు గుల్లబారాయని మాత్రలు రాశారు. కడుపులో మంటని నెలకే అవి మానేసింది. "గిన్నేండ్లు నేసిన. నా బొక్కలు నాకెరుక," అంది. డాక్టరును అడిగితే ఇంకో మందు రాసేవాడే. ల్యాబ్ పనులని వాయిదా వేశాను. ఆ తప్పు నాదే.

పడిన రోజు ఆమె కోడలు వంటింటి నేల తుడిచి, బట్ట పిండడానికి బయటికెళ్లింది. వచ్చేసరికి పెద్దమ్మ కింద పడి ఉంది. చుట్టాలందరిదీ ఒకటే మాట, తడి మీద జారిందని. చనిపోయిన ఐదో రోజు కోడలు నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"అక్కా, నువ్వు గీ చదువే చదివినవ్ గదా. జర నిజం చెప్పు. నేను తుడిచిన తడి వల్లనేనా?"

అంత గుల్లబారిన ఎముక ఒక్కోసారి నిలబడ్డచోటే విరుగుతుందనీ, మనిషి పడేది ఆ తర్వాతేననీ చెప్పాను.

"అత్తమ్మకు గట్లనే అయిందా మరి?"

ఏది ముందో ఎక్స్‌రే చెప్పదు. "అయ్యుండొచ్చు," అన్నాను. ఆమెకు కావలసింది ఆ మాట కాదు. అవునని ఒక్క మాట అననివ్వని నా చదువు మీద నాకే అసహ్యం వేసింది.

నిన్న కిందికి దిగాను. వంటింట్లో ఫ్యాను పెట్టి, ఎప్పుడో ఆరిన నేలను కోడలు పొడిబట్టతో తుడుస్తోంది. నన్ను చూసి, "జర ఆగక్కా," అంది. నేను అడుగు పెట్టబోయే చోట అరచేత్తో తడిమి చూసింది. మళ్లీ తడిమింది.