పిచ్చమ్మ అడిగిన చేట

రసూల్‌బీ పిన్ని నమాజు మానేసిందంటే మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. ముప్పై ఏళ్లుగా మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరుతూ, ఘాటుకు దగ్గుతూనే, గోనెపట్టా పరుచుకుని వేళకు నమాజు చదివే మనిషి ఆమె.

కారణం ఒక ఫోను. నెల కిందట పోయిన ఆమె భర్త మాబు బాబాయి మసీదులో పిల్లలకు ఖురాను అర్థం చెప్పేవాడు. పోయే ముందురోజు ఇంట్లో చెప్పుకున్న పాఠాన్నే రికార్డు చేసి, మధ్యాహ్నం నమాజుకు అలారంగా పెట్టుకున్నాడు. మనిషి పోయాడు గానీ అలారం పోలేదు. రోజూ ఒంటిగంటకు, ఫోను దాచిన ట్రంకుపెట్టెలోంచి ఆయన గొంతు లేచేది. "నమాజు చేసేవారికి వినాశనం" అనగానే పిన్ని పరుగున వెళ్లి ఆపేసేది. పోనీ ఛార్జింగు మానేస్తుందా అంటే, ఆయన గొంతు కదా, మనసొప్పదు.

"మీ బాబాయి నన్ను శపిస్తున్నాడే హీనా. నా నమాజు అల్లాకి అక్కర్లేదంట."

నాకు కోపమొచ్చింది. సగం మాట విని, తానే నరకానికి బయల్దేరే మనిషిని ఏమనాలి?

"చాల్లే సంబడం! ఇవాళ నేనుంటా, చివరిదాకా వినాల్సిందే" అని ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాను.

ఒంటిగంటైంది. పెట్టెలో బాబాయి లేచాడు. ఆ మాట వచ్చింది.

టక్, టక్, టక్.

ఇద్దరం తలుపు వైపు తిరిగాం. ఎండ తప్ప ఎవరూ లేరు. ఆ చప్పుడు పెట్టెలోంచే వచ్చింది.

"రసూల్‌బీ, చేట ఒకసారి ఇస్తావా?" పక్కింటి పిచ్చమ్మ గొంతు.

"లేదు పో. ఇస్తే మళ్లీ వస్తుందని నమ్మకమేంటి?" ఇది పిన్ని గొంతే. నా పక్కనున్న పిన్ని కొయ్యబారిపోయింది.

బాబాయి చిన్నగా నిట్టూర్చి, పాఠం అందుకున్నాడు. "ఏ నమాజీలకి అంటే, నమాజును పట్టించుకోనివాళ్లకి. పదిమందికి కనపడాలని చదివేవాళ్లకి. ఇరుగుపొరుగు చిన్న వస్తువు అడిగినా ఇవ్వనివాళ్లకి. చేటైనా సరే, రసూల్‌బీ."

అలారం దానంతటదే ఆగింది.

"శాపం కాదే" అంది పిన్ని ఏడుస్తూ. "ఆరోజు విననే లేదు నేను."

ముఖం కడుక్కుంది. గోనెపట్టా తీయబోయి ఆగింది. మేకుకున్న చేట అందుకుని బయటికి నడిచింది. కాసేపటికి పక్కింటి తలుపు చప్పుడైంది, టక్, టక్, టక్.