భూమవ్వ సాయంత్రపు నడక

కోరుట్లలో భూమవ్వ ఏళ్ల తరబడి పొరుగింటి అరుగు మీద, వాడకట్టు ఆడవాళ్ల ముచ్చట్లు వింటూ బీడీలు చుట్టేది. షుగర్ వచ్చిందని, అన్నం తగ్గించి రోజూ సాయంత్రం నడవాలని డాక్టరమ్మ చెప్పింది. అప్పటి నుంచి సాయంత్రాలు అరుగు మీద కూర్చోవడం మానేసి నడక మొదలుపెట్టింది.

ఒంటరిగా రోడ్డెక్కితే ఎదురైనవాళ్లంతా అడిగేవారు.

"ఎటు పోతున్నవ్ అక్కా?"

"ఎటు లేదు, ఉత్తగనే నడుస్తున్న" అనడానికి సిగ్గేసి, ఖాళీ సంచి ఒకటి చేత పట్టుకునేది. ఇంటికొచ్చి ఒక్కతే జొన్నరొట్టె కాల్చుకుని తినేది.

వానాకాలం గడిచేసరికి షుగర్ అదుపులోకి వచ్చింది. ఆ మాట చెప్పుకుందామని అరుగు దగ్గరికి వెళ్లింది.

"నాకు షుగర్ తగ్గిందే."

"మంచిగాయె, కూసో అక్కా" అని జరిగి చోటిచ్చి, మళ్లీ తమ ముచ్చటలో పడి నవ్వుకున్నారు. ఆ ముచ్చట ఎక్కడ మొదలైందో భూమవ్వకు తెలియదు. అయినా వాళ్లతో పాటు తనూ నవ్వింది.