ఏసుపాదం చేతి దారం

తెల్లవారుజామున నాలుగింటికి లేవగానే సుసన్నా మొదట చేసే పని నీళ్ళు కొలవడం. లీటరు సీసా మీద పెన్నుతో ఆరు గీతలు గీసి ఉండేవి. మూడు గంటలకో గీత. కిడ్నీలు చెడిపోయిన మనిషికి రోజంతటికీ అంతకు మించి ఇవ్వొద్దని డాక్టరు చెప్పాడు. మామిడితోట కాపలా మనిషికి, నడి వేసవిలో, లీటరు నీళ్ళు! ఆమె మొగుడు ఏసుపాదం గుక్కెడు తాగి, గీత దాటిందేమోనని సీసాను వెలుగుకేసి పట్టి చూసుకునేవాడు. అతనికి తెలియకుండా సుసన్నా కూడా అన్నే తాగేది. అలా రెండేళ్ళు.

ఇప్పుడూ నాలుగింటికే మెలకువ వస్తోంది. కొలవడానికేమీ లేదు. కుండలో చెంబు ముంచి, నిలబడే కడుపునిండా తాగుతుంది. ఆ తాగడంలో కోపం ఉంది. ఎవరి మీదో ఆమె దాచుకోదు, దేవుడి మీదే. ఆ మాట ఆయనకే చెబుతుంది. ఇదివరకు మోకాళ్ళేసి చేసే ప్రార్థన ఇప్పుడు గడపలో కాళ్ళు చాపుకుని చేస్తోంది.

ముసునూరు దగ్గరి ఆ పల్లెలో సుసన్నా నోరు విప్పగా విన్నవాళ్ళు తక్కువ. ఐదో తరగతితో బడి ఆగిపోయింది. చర్చిలో దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పమంటే లేచి, "దేవునికి స్తోత్రం" అని గబుక్కున కూర్చునేది. పొయ్యి, వాకిలి, మొగుడు, ఆదివారం. ఆమె బతుకంతా అదే, అది చాలనుకుంది కూడా.

ఏసుపాదం మంచాన పడ్డాక సంఘం ఊరుకోలేదు. ఆడవాళ్ళు ఇరవై ఒక్క రోజులు ఉపవాసమున్నారు. పాస్టరుగారు నూనె రాసి ప్రార్థన చేసి, "స్వస్థత వచ్చేసిందమ్మా, నమ్ము" అన్నారు. సుసన్నా నమ్మింది. ఎంత నమ్మిందంటే, క్రిస్మస్‌కి నడిచి చర్చికి రావాలని మొగుడికి కొత్త చెప్పులు కొని ఉంచింది. క్రిస్మస్ వెళ్ళింది. తోటలు పూత మీద ఉండగా, ఫిబ్రవరిలో, ఏసుపాదం వెళ్ళిపోయాడు.

గొడవంతా దారంతో వచ్చింది. అతను ఇరవై రెండేళ్ళు కాపలా కాసిన తోట వెంకాయమ్మగారిది. ఎనభై ఏళ్ళ ముసలావిడ, మోకాళ్ళ నొప్పులతోనే గుడి మెట్లెక్కి పూజ చేయించి, బెజవాడ ఆసుపత్రికి వచ్చి ఏసుపాదం మణికట్టుకి పసుపు దారం కట్టింది. ఆవిడ వెళ్ళాక సుసన్నా విప్పబోతే అతను చెయ్యి లాక్కున్నాడు.

"ఉండనీయవే. పెద్దావిడ ఆ మోకాళ్ళతో ఎక్కి తెచ్చింది. ఆవిడ దేవుణ్ణి నేనేం మొక్కలేదుగా, ఆవిడ మనసు పారెయ్యలేక ఉంచుకున్నా."

పెట్టెలో పడుకోబెట్టినప్పుడూ సుసన్నా దాన్ని తియ్యలేదు. అతను ఉండనీయమన్నాడు, ఉంచింది. ఎవరో తీసిన ఫొటో సంఘం వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది. తెల్ల చొక్కా చేతి కింద పసుపుపచ్చగా దారం. ప్రార్థన ఎందుకు ఫలించలేదో అందరికీ ఒక్కసారిగా తెలిసిపోయింది!

ఏప్రిల్ మొదటి శనివారం పాస్టరుగారు సంఘపెద్ద యలమందను వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు.

"రేపు ప్రభువు బల్ల ఉంది సుసన్నమ్మా. రొట్టె, రసం తీసుకునే ముందు మనసు శుద్ధి చేసుకోవాలి. ఆ దారం వల్లే దేవుడు ముఖం తిప్పుకున్నాడని సంఘంలో నిలబడి ఒప్పుకో."

"ఒప్పుకోకపోతే అయ్యగారూ?"

"అప్పుడు నీకు బల్ల ఇవ్వలేం తల్లీ. నాకూ బాధే."

ఆ బాధ ఉత్తుత్తిది కాదు. ఆయన కళ్ళు చూస్తే తెలుస్తూనే ఉంది. యలమంద మాత్రం ఓదార్పుగా ఇంకో మాట కలిపాడు. "పూసిందంతా కాయదు గదమ్మా. కొంత రాలాల్సిందే."

"నా మొగుడు రాలిన పిందా అన్నయ్యా?" అంది సుసన్నా. యలమంద చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు.

ఆదివారం దారి పొడవునా పక్కింటి ఇన్నమ్మ చెవిలో జోరీగలా పోరింది. "ఒక్క మాటేగా, అనేసెయ్యవే. నోరేమన్నా అరిగిపోద్దా?"

"నా నోరు అరగదులే. మట్టిలో ఉన్న మనిషి పేరు అరుగుద్ది."

పాస్టరుగారు పిలవగానే సుసన్నా కొంగు భుజం చుట్టూ కప్పుకుని లేచింది.

"మా ఆయన చేతికి దారం ఉంది. ఉన్న మాటే. మా ఆయన ప్రాణం దానివల్లే పోయిందని మాత్రం నేను అనను."

"అమ్మా, చెప్పాల్సింది చెప్పు" అన్నారు పాస్టరుగారు.

"అదే చెబుతున్నానండీ. నా నమ్మకం చాల్లేదంటారు. నమ్మకం లేకపోతే మంచంలో ఉన్న మనిషికి చెప్పులు కొంటానా? నిరుడు గాలివాన రాకూడదని మనందరం మోకాళ్ళేశాం. విస్సన్నపేట అవతల యలమందన్నయ్య కౌలు తోటలో ఒక్క కాయ నిలిచిందా? అప్పుడు ఎవరి చేతికి దారం ఉంది అన్నయ్యా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. యలమంద మొహం ఎర్రబడింది. "గాలివాన వేరు, ఇది వేరు. నీకింత వాక్యజ్ఞానం ఎప్పట్నించమ్మా?"

"జ్ఞానం కాదు అన్నయ్యా, తోటకాపు వాళ్ళం. ప్రభువు కూడా సిలువెయ్యబోయే ముందు రాత్రి తోటలోనేగా ఏడ్చాడు. ఈ కష్టం తప్పించమని ముమ్మారు అడిగాడు. తప్పలేదు. సొంత కొడుకు అడిగితేనే తప్పలేదు. ఆయన చేతికి ఏం కట్టి ఉంది? ఆయనకి నమ్మకం చాల్లేదా?"

సుసన్నా పాస్టరుగారి వైపు తిరిగింది.

"మా ఆయన్నెందుకు బాగుచెయ్యలేదో నాకు తెలీదు. అయ్యగారూ, మీకూ తెలీదు. తెలీదని ఒక్క మాట అనండి, నాకు ఎంతో ఊరట. నేను రోజూ దేవుడితో పోట్లాడుతున్నా. మాట మాత్రం మానలేదు. మా ఆయన మీద తప్పు రాసి ఆ దేవుణ్ణి కాపాడక్కర్లేదు. దేవుడికి నా సాయం అవసరం లేదు." అని కూర్చుంది.

పాస్టరుగారు ఏదో అనబోయి యలమంద వైపు చూసి, అనకుండా పాట ఎత్తుకున్నారు.

తర్వాత రొట్టె పళ్ళెం వరసలో వచ్చింది. పట్టుకున్నది యలమంద. ఇన్నమ్మ దగ్గర ఆగింది. సుసన్నా చెయ్యి చాపింది. పళ్ళెం ఒక్క క్షణం ఊగి, ఆమెను దాటి పక్కామె దగ్గరికి పోయింది. సుసన్నా చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోలేదు. అందరూ చూసేదాకా అలాగే ఉంచి, తర్వాత మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది. ఇన్నమ్మ తన రొట్టె ముక్క నోట్లో పెట్టుకోలేక గుప్పిట్లో పట్టుకుని ఏడుస్తోంది.

ఆరాధన అయ్యాక ఎవరు కూర్చున్న చాప వాళ్ళే చుట్టి గోడకి చేరవెయ్యడం ఆ చర్చి ఆడవాళ్ళ అలవాటు. చాప ఏ వరస దగ్గర చేరవేస్తే, మళ్ళీ ఆదివారానికి వాళ్ళ చోటు అక్కడే. బల్లకి దూరమైనవాళ్ళది ఆఖరి వరస. పాస్టరుగారి భార్య దగ్గరికొచ్చి మెల్లగా అంది. "నీ చాప చుట్టి వెనక పెట్టేసెయ్ సుసన్నమ్మా. కొన్నాళ్ళేలే."

"నేను చుట్టనండీ అమ్మగారూ."

"మరి ఊడ్చుకోవద్దా?"

"చుట్టూ ఊడ్చుకోండి."

చుట్టూ చాపలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. సుసన్నా లేచి, ముందు వరసలో, బల్లకి ఎదురుగా ఉన్న తన చాప అంచు మడత పడితే వంగి సరిచేసింది. దాన్ని అలా పరిచే ఉంచి, గుమ్మంలో చెప్పులు తొడుక్కుని ఎండలోకి నడిచింది.