ఒలకబోత తాతకు పడిన శిక్ష

మా బావమరిది చెమటోడ్చి సాధించిన మొదటి విజయం, బజారు నడుమ ఉన్న స్తంభం మీది గడియారాన్ని మళ్ళీ నడిపించడం. అది ఏళ్ళ తరబడి పావుతక్కువ నాలుగు దగ్గర మొండికేసి కూర్చుంది. పెద్ద పెద్ద మెకానిక్కులు వచ్చారు, తల గోక్కున్నారు, పోయారు. మావాడు మీసం సరిగ్గా మొలవని వయసులో నడుముకు మోకు కట్టుకుని పైకెక్కి, పావురాల రెట్టల మధ్య వారం రోజులు వేలాడి, ఆవగింజంత మర ఒకటి మార్చి దానిచేత గంట కొట్టించాడు. గాలి ఈడ్చి కొడుతున్నా వాడి చెయ్యి ఇంత కూడా వణకలేదు. కింద మోకు పట్టుకున్నది నేనే. ఆ విజయంలో సగం నాదని ఎవరైనా అనవచ్చు, నేను మాత్రం అనను.

అంతటి చెయ్యి గలవాడు, నలుగురిలో కూర్చుంటే చాలు, ఎదురుగా ఉన్నది ఒలకబోయకుండా లేవడు. ఇదీ వాడి ప్రత్యేకత. నీళ్ళు, పాలు, టీ, సిరా, ఏదైనా సరే, పక్షపాతం లేదు. తన గడియారాల దుకాణంలో కంటికి అద్దం బిగించి, ఆడవాళ్ళ చేతివాచీ విప్పి, కనురెప్ప వెంట్రుకంత తీగను పట్టుకారుతో ఎత్తి పెట్టే మనిషే. వాడికి మా ఇంట్లో టీ ఇస్తే మర్నాడు గోడలకు సున్నం వేయించుకోవాలి.

అందుకని వాడికి మా ఇంట్లో కొన్ని ఏర్పాట్లున్నాయి. గాజు గ్లాసు ఇవ్వం, స్టీలుదే. సగానికి మించి పొయ్యం. కుర్చీ గుమ్మం పక్కన. తెల్లబట్టల వాళ్ళెవరూ వాడి దరిదాపుల్లో కూర్చోరు. పిల్లలు 'ఒలకబోత తాత' అని పేరు పెట్టారు. పిలిస్తే పలుకుతాడు కూడా!

"చిన్నప్పుడు ఇలా ఉండేవాడు కాదండీ" అంటుంది వాడి అక్క, అంటే మా ఆవిడ.

"పెద్దయ్యాక నేర్చుకున్నాడులే, కొందరు సంగీతం నేర్చుకున్నట్టు" అంటాను నేను.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే నా బాధ మీకు అర్థం కాదు. నేను పల్లెటూరి బడిలో చదివినవాణ్ణి. ఆ బడిలో పంతొమ్మిదో ఎక్కం వెనకనుంచి అప్పజెప్పిన మొట్టమొదటివాణ్ణి. పాల సంఘానికి మూడుసార్లు ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి. ఊరికి మంచినీటి గొట్టం వేయించినవాణ్ణి. బుద్ధెరిగాక అబద్ధమాడి ఎరగను. ఇంత చరిత్ర ఉన్న మనిషి, తడిసిన బట్టల చుట్టాల మధ్య నిలబడి "మావాడేనండీ" అని ఒప్పుకోవలసి రావడం ఎంత నామోషీయో ఆలోచించండి.

ఒకసారి పక్కింటివాళ్ళు కొత్త కోడల్ని చూడ్డానికి అందరినీ పిలిచారు. ఆ పిల్ల వణుకుతూ టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. మావాడు అందరికంటే ముందు ఒక గుక్క తాగి "ఆహా!" అన్నాడు. ఆ వెంటనే లేవబోతూ బల్లకు మోకాలు తగిలించాడు. కప్పులన్నీ ఒక్కసారే బోర్లా పడ్డాయి. ఇంకొక్కరి నోట్లో చుక్క పడలేదు. అత్తగారి కొత్త తివాచీ మాత్రం కడుపునిండా తాగింది.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాను పళ్ళు నూరుతూ.

"కాళ్ళు పొడుగు బావా" అన్నాడు.

వాడు నిలబడితే నా భుజం దాకా రాడు.

నా సన్మానం రోజు తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. హాలు నిండా జనం. మైకు ముందు నిలబడి "సభకు నమస్కారం" అన్నాను. అని, గంభీరంగా ఆగాను. వక్తలన్నాక ఆగుతారు. కాస్త ఎక్కువసేపే ఆగాను. అప్పుడు వేదిక మీద కూర్చున్న మావాడు నీళ్ళ కూజాను కాలితో తన్నేశాడు. నీళ్ళు ముఖ్య అతిథి ఒళ్ళోకి, అక్కణ్ణుంచి మైకు తీగల్లోకి పారాయి. మైకు కుయ్యిమని చచ్చింది. సభ అక్కడితో సరి. అంత గొప్ప ఉపన్యాసం గొంతులోనే ఉండిపోయింది. నేను వాడితో మాట్లాడడానికి చాలా రోజులు పట్టింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా మనవరాలు చదువయ్యాక కేకుల పని నేర్చుకుంటానని ఓ మిఠాయి కెఫేలో చేరింది. అది మామూలు కెఫే కాదు, లోపలంతా కోర్టే. వచ్చినవాళ్ళంతా చెక్క కటకటాల బోనుల్లో కూర్చుని తినాలి. వడ్డించేవాళ్ళకు నల్లగౌన్లు. యజమాని ఎత్తైన బల్ల వెనక జడ్జిలా కూర్చుని, చేతిలో కొయ్యసుత్తి పెట్టుకుని, చూస్తుంటాడు. పిల్లకు వారం రోజులు వడ్డన పరీక్ష. అది గట్టెక్కితే వంటగదిలోకి తీసుకుంటారు. అప్పటికే రెండు గ్లాసులు పగలగొట్టింది. మూడోది పగిలితే ఇంటికేనని యజమాని చెప్పేశాడు.

"ఆదివారం ఆఖరి రోజు తాతయ్యా, నువ్వు రావాలి" అంది. "కానీ ఒక్క షరతు. ఒలకబోత తాతను మాత్రం తీసుకురావద్దు. నీకు దణ్ణం పెడతాను."

గుమ్మం పక్క కుర్చీలోంచి ఎవరో దగ్గారు. మావాడే. అంతా విన్నాడు. పిల్ల ముఖం పాలిపోయింది. నాకూ భూమిలోకి కుంగినట్టయింది.

"నిజమేనే తల్లీ, నేను రాను" అన్నాడు నవ్వుతూ.

మా ఆవిడ ఊరుకుంటుందా! "పిల్ల మొదటి కొలువు చూడ్డానికి నా తమ్ముడు పరాయివాడా?" అని ఆదివారం మధ్యాహ్నానికి ఇస్త్రీ చొక్కా తొడిగి నా వెంట తోసింది. తోవలో వాడు జేబులోంచి స్టీలు గ్లాసు తీసి చూపించాడు.

"నా గ్లాసు నేనే తెచ్చుకున్నాను బావా. అక్కడ దేన్నీ ముట్టుకోను."

"చేతులు?"

"తొడల కింద పెట్టుకు కూర్చుంటాను."

"కాళ్ళు?"

"పొడుగు కావని మీరే అంటారుగా!"

కెఫే గుమ్మంలో బంట్రోతు వేషం వేసినవాడు మమ్మల్ని మూడుసార్లు కేకవేసి పిలిచాడు. దొంగతనానికి వచ్చినట్టు తల వంచుకుని లోపలికి వెళ్ళి బోనులో కూర్చున్నాం. తినుబండారాల పేర్లన్నీ నేరాలే. చాక్లెట్ కేకు పేరు 'పట్టపగలు దోపిడీ'. క్రీము నింపిన బన్ను 'దొంగసాక్ష్యం'. పొడుగాటి గాజు గ్లాసులో చాక్లెట్ పాకం పోసిన ఐస్‌క్రీము 'పరువు నష్టం'. నేను 'పరువు నష్టం' ఇమ్మన్నాను. మావాడు వెంట ఉండగా దాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడం ఎందుకో అప్పుడు తోచలేదు.

"నాకు మంచినీళ్ళు చాలు, ఇందులో" అని వాడు స్టీలు గ్లాసు చాచాడు. పక్క బోనులో వాళ్ళు కిసుక్కున నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

నేను ఐస్‌క్రీము కోసం చూడలేదు, పిల్ల కోసం చూడలేదు. రెప్ప వెయ్యకుండా మావాడి చేతుల్నే కాపలా కాశాను. అవి చెప్పినట్టే తొడల కింద ఉన్నాయి. అంతలో మనవరాలు పళ్ళెం ఎత్తుకుని వచ్చింది. ఆ నల్లగౌను తనకంటే ముందు పనిచేసిన పొడుగాటివాడిది, పిల్ల పాదాల కింద జీరాడుతోంది. మా బోనుకు రెండడుగుల దూరంలో అంచు తొక్కింది. పళ్ళెం పక్కకు ఒరిగింది. గ్లాసు జారడం మొదలుపెట్టింది.

అప్పుడు కదిలాయి మావాడి చేతులు. పిల్ల తూలిన తరువాత, ముందు కాదు. గడియార స్తంభం మీద చూసిన ఒడుపే. వాడు రెండు చేతులతో కటకటాలు పట్టుకుని చివాలున లేచి పళ్ళేనికి భుజం తగిలించాడు. గ్లాసు భళ్ళుమంది. చాక్లెట్ పాకమంతా నా తెల్లచొక్కా మీదికి వచ్చింది.

యజమాని సుత్తి కొట్టాడు.

"ఎవరిదీ తప్పు?"

"నా..." అని పిల్ల నోరు తెరిచింది.

"నాదేనయ్యా!" మావాడి గొంతు ముందు మోగింది. "దిక్కుమాలిన భుజం. కుదురుగా ఉండదు."

"నేను ఇక్కణ్ణుంచి చూస్తూనే ఉన్నానండీ. అమ్మాయి ముందే తూలినట్టుంది?"

"అబ్బే, నన్ను చూసి బెదిరిందంతే. మా ఇంట్లో అందరూ బెదురుతారు."

యజమాని నావైపు తిరిగాడు. "సాక్షి ఉన్నారుగా. పెద్దాయనా, లేవండి. మీ ముఖం చూస్తే అబద్ధమాడే మనిషిలా లేరు. మీరు చూసింది చెప్పండి."

బోను కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. చొక్కా మీంచి పాకం చుక్కలు చుక్కలుగా కారుతోంది. అందరూ నన్నే చూస్తున్నారు. పిల్ల కళ్ళనిండా నీళ్ళు. మావాడు మాత్రం నావైపు చూడకుండా, పారేసుకున్న మర కోసం వెతుకుతున్నట్టు నేలకేసి చూస్తున్నాడు.

వాడి చేతుల్ని అంత దగ్గరగా చూడడం నాకదే మొదటిసారి. ఎప్పుడూ ఒలికినదాన్నే చూశాను. పక్కింటి కోడలు ఆమధ్య మా ఆవిడతో, "ఆరోజు కంగారులో టీలో చక్కెరకు బదులు ఉప్పు వేశానండీ, ఎవరికీ తెలియకముందే ఒలికిపోయింది, నా అదృష్టం" అంటే, నేను కూడా అదృష్టమే అనుకున్నాను. ఇక ఆ సన్మానం సంగతి. "సభకు నమస్కారం" తరువాత ఏం చెప్పాలో నాకు ఆరోజు తెలియదు. ఇవాళ్టికీ తెలియదు. ఎక్కం వెనకనుంచి అప్పజెప్పినవాడికి రెండో వాక్యం ముందునుంచి రాలేదు! ఆ సంగతి సభలో ఒక్కడికే తెలిసింది. ఆ ఒక్కడితోనే నేను మాట్లాడ్డం మానేశాను.

చాక్లెట్ కారుతున్నందుకు కాదు, అప్పుడు పడ్డాను నేను అసలైన సిగ్గు.

"అయ్యా" అన్నాను గొంతు సవరించుకుని. "ఇతను నా బావమరిది. ఇతను కూర్చున్న చోట ఏదో ఒకటి ఒలకక మానదు, అడగండి, మా వీధి వీధంతా చెబుతుంది. నా కళ్ళారా చూశాను. ఇతని భుజం తగిలాకే ఆ గ్లాసు నేలకు తగిలింది."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మీరే చూసుకోండి.

యజమాని నన్ను చూశాడు, మావాణ్ణి చూశాడు, పిల్ల కాళ్ళ కింది గౌనును కూడా ఓసారి చూశాడు. మూతి బిగబట్టి సుత్తి ఎత్తాడు.

"ముద్దాయి నేరం ఒప్పుకున్నాడు. సాక్ష్యం బలంగా ఉంది. ఆరు వారాలు ఈ న్యాయస్థానంలో అడుగు పెట్టకూడదు. అమ్మాయ్, రేపట్నుంచి నువ్వు వంటగదిలోకి పో. అక్కడ గౌన్లు ఉండవు."

కెఫే అంతా చప్పట్లు కొట్టింది. మావాడు శిక్షను తలవంచి స్వీకరించి, స్టీలు గ్లాసు జేబులో వేసుకున్నాడు.

ఇంటికి నడుస్తూ అడిగాను. "ఒరేయ్, ఆ సన్మానం నాటి కూజా..."

"దాని అడుగు వంకర బావా."

"పక్కింటివాళ్ళ బల్ల?"

"అదీ వంకరే. మీ చేతివాచీ వెనకబడినట్టుంది, ఇలా ఇవ్వండి."

బస్సు స్టాపు బల్ల మీద కూర్చుని, రుమాలు పరిచి, అక్కడే వాచీ విప్పాడు. పక్కన బస్సులు అదురుతూ పోతున్నాయి. వాడి చెయ్యి ఇంత కూడా వణకలేదు. ఒక్క మర కింద పడలేదు. నేను పాకం అంటిన చొక్కాతో వాడి పక్కనే కూర్చున్నాను. ఎవరో తెలిసినాయన ఆగి, నన్ను పైనుంచి కిందికి చూసి, వాచీ మీద వంగిన మావాణ్ణి చూపిస్తూ, "ఈయన మీవాళ్ళేనాండీ?" అన్నాడు.

"మావాడేనండీ" అన్నాను. ఈసారి ఆ మాట కొంచెం గట్టిగానే వచ్చింది.

మా ఇంట్లో గుమ్మం పక్క కుర్చీ ఇప్పుడు నడుమకు జరిగింది. మనవరాలు వంటగదిలో కుదురుకుంది. తన చేత్తో చేసిన మొదటి కేకు ఒలకబోత తాతే కొయ్యాలని ఒట్టు పెట్టుకుని కూర్చుంది. మంచినీళ్ళు కూడా గాజు గ్లాసులోనే ఇస్తుందట, నిండా పోసి. ఆ పక్కన తెల్లచొక్కా వేసుకుని నేను కూర్చోవాలట. సరేనన్నాను. శిక్ష ముగిసి మావాడు మళ్ళీ ఆ బోనెక్కేది ఆగస్టు ఇరవై రెండో తేదీన.