ముగ్గురూ ఒకేలా రాశారు

2023 ఏప్రిల్. కెనడాలో, టొరంటో ఊరి తూర్పు వైపున్న స్కార్‌బరోలో ఒక ప్రైవేటు కాలేజీలో నేను క్లీనర్‌గా చేరి మూడో ఏడు. కాలేజీ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. కింద కిరాణా కొట్టు, పళ్ల డాక్టరు. పైన రెండంతస్తుల్లో తరగతి గదులు. పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఒక బ్యాచ్, సాయంత్రం ఇంకొకటి. ఆ ఏడాది కుర్చీలు చల్లబడింది నేను చూడలేదు. ఇంతమందిని చేర్చుకున్నవాళ్లు కూర్చుని చదువుకోవడానికి ఇచ్చింది ఎనిమిది కుర్చీల గది ఒకటి. దానికి లైబ్రరీ అని బోర్డు.

మా పనిలో లాగ్ షీట్ అని ఉంటుంది. ప్రతి గది తలుపు వెనక వేలాడే కాగితం అది. ఎప్పుడు శుభ్రం చేశామో టైము వేసి, పక్కన మన పొడి అక్షరాలు పెట్టాలి. తోటివాళ్లు ‘ఓకే’ అని రాసి పోయేవారు. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరో ఏట. ముందు కాకినాడలో మా చర్చివాళ్ల దగ్గర తెలుగు, ఇక్కడికి వచ్చాక ఇంగ్లీషు. కష్టపడి నేర్చుకున్న అక్షరాలు కాబట్టి నాలుగు మాటలు ఎక్కువే రాసేదాన్ని.

శనివారాలు ఐదింటికి గదులన్నీ ఖాళీ చేయించి తాళం వేయడం కూడా నా పనే. ఆ నెలలో వరసగా రెండు శనివారాలు 203 నంబరు గదిలో ముగ్గురు ఆడపిల్లల్ని నేను లేపలేదు. శ్రావణిది కరీంనగర్, మౌనికది గుంటూరు, రోజాది కర్నూలు. ముగ్గురూ ఒకే బేస్‌మెంట్‌లో ఉండేవారు. అక్కడ ఇంకో నలుగురు ఉంటారు, చదువుకోవడానికి చోటు లేదు. వాళ్ల చదువు సప్లై చైన్, అంటే సరుకు రవాణా వ్యవహారం. దాంతో సంబంధం లేకపోయినా ఎలెక్టివ్ అని ఒక అదనపు కోర్సు తప్పనిసరిగా తీసుకోవాలి. ఆ టర్ములో సీట్లు మిగిలిన ఎలెక్టివ్ అమెరికా చరిత్ర ఒక్కటే.

పరీక్షకు వాళ్లు తయారయ్యే పద్ధతి ఇదీ. పాఠాన్ని కుదించి శ్రావణి అట్ట ముక్కల మీద రాసేది, ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. ఒకరు అడిగితే మిగతా ఇద్దరూ చెప్పాలి. కార్డు మీద ఉన్నది ఉన్నట్టు రావాలి. ఒక్క మాట తప్పినా లేచి నిలబడాలి, మళ్లీ ఒప్పు చెప్పేదాకా కూర్చోకూడదు. జవాబులు ఇంగ్లీషులో, తిట్టుకోవడం తెలుగులో.

“బోస్టన్‌లో టీ పెట్టెలు నీళ్లలో ఎందుకు పారేశారు?”

“ట్యాక్స్ మీద కోపంతో.”

“గట్ల కాదే. కార్డు మీద ఉన్నట్టు చెప్పు” అనేది శ్రావణి.

“కోపమేగా? ఇంగ్లీషులో రాస్తే పెద్ద కోపం అవుతుందా?” అని మౌనిక నిలబడేది.

రోజా ఎప్పుడూ నిలబడే ఉండేది. “నా కాళ్లకైనా మార్కులు వేస్తారేమో చూడండి” అనేది.

రెండో శనివారం కార్డులు నా చేతికిచ్చి అడగమన్నారు. నాకూ చదవడం అలవాటవుతుందని. కూడబలుక్కుంటూ ఒక్కో ప్రశ్నా అడిగాను. ఒక కార్డు నాకు నచ్చలేదు. 1863లో వెలువడిన ప్రకటనతో దేశంలోని బానిసలందరికీ విముక్తి వచ్చిందని ఉంది.

“ఒక్క కాగితం మీద సంతకం పెడితే అందరూ విడుదలైపోయారా? యజమానులు ఊరుకున్నారా?” అన్నాను.

“ఆంటీ, గవన్ని ఎగ్జామ్‌ల రావు” అంది శ్రావణి. అందరం నవ్వుకున్నాం. పరీక్ష అయ్యాక ఆ కార్డుల కట్ట నాకే ఇచ్చేశారు. నా లాకర్లో పెట్టుకుని, భోజనం టైములో చదువుకునేదాన్ని.

వారం తర్వాత, ఒక శుక్రవారం, లేడీస్ వాష్‌రూమ్‌లో మౌనిక ఏడుస్తూ కనిపించింది. ముగ్గురి జవాబుల్లో వాక్యాలు ఒకేలా ఉన్నాయి. అందులో ఒక తప్పు కూడా ముగ్గురూ ఒకేలా రాశారు. 1863 ప్రకటన తిరుగుబాటు చేసిన రాష్ట్రాలకే గానీ దేశమంతటికీ కాదట. కాబట్టి కాపీ కొట్టారు, విచారణకు రండి అని ఈమెయిల్.

“మేం వేరే వేరే వరసల్లో కూర్చున్నాం ఆంటీ. ఫోన్‌లో రాసుకుని పెట్టుకున్నాం అంటున్నారు. నేరం అని తేలితే ఒక టర్ము సస్పెండ్. చదువు ఆగితే స్టడీ పర్మిట్‌కి దెబ్బ. మా నాన్నకి ఏం చెప్పను?”

ఆ తప్పు రాసిన కార్డు నా లాకర్లో ఉంది. వాళ్లు కూర్చుని చదివిన సంగతి తేదీతో సహా లాగ్ షీట్లో నా చేత్తో రాసి ఉంది. ఆ నిమిషమే ఆఫీసుకి వెళ్లాల్సింది. వెళ్లలేదు. మా సూపర్‌వైజర్‌ని అడిగాను.

“ఆ షీట్ చూపిస్తే ఐదు దాటాక గది తెరిచి ఉంచావని తెలుస్తుంది. స్టూడెంట్ల గొడవ మనకెందుకు? మన పని చెత్త తీయడం” అన్నాడాయన.

అతని మీద కోపం వచ్చింది. కానీ ఆ కోపాన్ని మనసులోనే పెట్టుకుని శని, ఆది, సోమ మూడు రోజులు నోరు మూసుకున్నాను. ఉద్యోగం పోతుందని భయం. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పిల్లల్ని ఒక్కొక్కరినే విడిగా పిలిచారు. సోమవారం రోజా వంతు. మంగళవారం మిగతా ఇద్దరిదీ. మంగళవారం పొద్దున లాకర్లోని కార్డులూ, తలుపు వెనక షీటూ తీసుకుని, పిలవకుండానే విచారణ గదిలోకి వెళ్లాను. లోపల ఒక ఆఫీసరమ్మ, చరిత్ర చెప్పే ప్రొఫెసరు, ఎదురుగా శ్రావణి. వచ్చిన ఇంగ్లీషులోనే జరిగింది చెప్పాను.

ప్రొఫెసరు ఆ కార్డు తిప్పి తిప్పి చూశాడు. “క్లాసులో నేను ఇలా చెప్పలేదు” అన్నాడు.

“స్లైడ్‌లో పెద్దగా ఉంది సార్. కార్డు మీద పట్టక చిన్నగా చేసిన” అంది శ్రావణి.

“అంటే మీకు అర్థం కాలేదు.”

“అర్థం కాకపోతే మార్కులు తీసేయండి, దొంగలు అనకండి” అన్నాను. “కావాలంటే ఇప్పుడు అడగండి.”

బయట కూర్చున్న మౌనికనీ పిలిచారు. ఆయన అడిగాడు. కార్డు మీద ఉన్నది ఉన్నట్టు, ముందు ఒకరు, తర్వాత ఒకరు, ఒకే మాటలు, ఒకే వేగం. ఐదో ప్రశ్నకు ఆయన కార్డులు బల్ల మీద పెట్టేశాడు. నాలుగు నెలలు వీళ్లకి పాఠం చెప్పిన మనిషికి ఇండియా పిల్లలు ఎలా చదువుతారో ఆ రోజే తెలిసినట్టుంది. ఇంతమందిని విమానాలెక్కించి రప్పించుకున్న కాలేజీకి అది తెలుసుకునే తీరిక లేదు.

శుక్రవారం ఇద్దరికీ ఉత్తరాలు వచ్చాయి. నేనూ చదివాను. ‘నేరం రుజువు చేయడానికి తగిన ఆధారాలు లేవు’ అని ఉంది. మీరు తప్పు చేయలేదు అని లేదు. క్షమించండి అని అసలే లేదు.

రోజాకి ఉత్తరం ముందే వచ్చేసింది. సోమవారం ఆ ఆఫీసరమ్మ, “ఒప్పుకుంటే ఈ ఒక్క కోర్సులో సున్నాతో పోతుంది. లేదంటే సస్పెన్షన్ దాకా వెళ్లొచ్చు” అందట. రోజా చేయని తప్పు చేశానని సంతకం పెట్టి వచ్చింది.

నేను మళ్లీ ఆఫీసుకి వెళ్లాను. “అవే కార్డులు కదమ్మా, అదే గది కదా” అన్నాను.

“ఆ అమ్మాయి ఒప్పుకుంది. ఆ ఫైలు మూసేశాం” అంది ఆఫీసరమ్మ.

“భయపెడితే ఒప్పుకుంది.”

“మేం ఎవరినీ భయపెట్టలేదు. రెండు దారులు చెప్పాం.”

ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో చిన్న మార్పు కూడా లేదు. నా ఒళ్లు మండిపోయింది. ఐదు దాటాక గది తెరిచి ఉంచినందుకు నాకు మాత్రం వార్నింగ్ లెటర్ ఇచ్చి, వేరే బిల్డింగ్‌కి మార్చారు.

చాలామంది అడుగుతారు, క్లీనర్ పనిలో చెప్పుకోవడానికి ఏముంటుందని. గదిలో ఎవరు ఉన్నారో, ఏం చేస్తున్నారో అందరికంటే ముందు చూసేది మేమే. చూసింది ఆ రోజే చెప్పాలి. నేను మూడు రోజులు ఆగాను. శ్రావణికీ మౌనికకీ నా మాట పనికొచ్చింది, రోజాకి ఒక్క రోజు ఆలస్యమైంది. కాలేజీ మీద నాకున్న కోపం ఎంత న్యాయమైనదైనా, ఆ ఒక్క రోజు లెక్క నాదే. ఇప్పుడు ఏది కంటపడినా షిఫ్ట్ అయ్యేలోపు సంబంధించినవాళ్లకి చెబుతాను. సూపర్‌వైజర్‌ని అడగను.

సెప్టెంబరు టర్ములో రోజా అదే కోర్సు మళ్లీ తీసుకుంది. ఒక రోజు నా కొత్త బిల్డింగ్ కింద కాఫీ షాపులో కనిపించింది. ఒక్కతే కూర్చుని నోట్సు చూసుకుంటూ పెదాలు కదుపుతోంది. శ్రావణీ, మౌనికా రాలేదా అని అడిగితే, తనే వాళ్లని రావద్దన్నానని చెప్పింది. నేను ఎదురుగా కూర్చుని ఆ నోట్సు అందుకోబోయాను.

“ఇటియ్యి, నేను అడుగుతా.”

రోజా నోట్సు దగ్గరికి లాక్కుంది.

“వద్దు ఆంటీ. మళ్లీ ఎవరితోనైనా ఒకేలా రాస్తే?”